పరాయి గడ్డపై అద్దె ఇల్లు కూడా అమానతే

హైదరాబాదు నుండి నాగార్జునసాగర్ వెళ్ళే దారిలో ఉంది పెద్దవూర. ఒకప్పుడు ఈ ప్రాంతపు పిల్లవాడు చదువు కోసం ఊరు దాటాడంటే మిర్యాలగూడకో, నల్లగొండకో వెళ్ళాడని అర్థం. ఇంకాస్త స్తోమత ఉంటే హైదరాబాదు. ఇప్పుడు పరిస్థితి మారింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పరిసరాల నుండి ఎందరో పిల్లలు అమెరికా, బ్రిటన్, జర్మనీ వంటి దేశాలకు వెళుతున్నారు. వారిలో ముస్లిం కుటుంబాల పిల్లలూ ఉన్నారు.

కొంతకాలం క్రితం మేము పెద్దవూరలో ఒక మిత్రుని ఇంట్లో ఉన్నాం. మఘ్రిబ్ నమాజు ముగించుకుని వచ్చి కూర్చున్నాం. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో చదువుతున్న వారి అబ్బాయి నుండి ఫోను వచ్చింది. అక్కడ అప్పుడే తెల్లవారింది. అద్దె ఇంట్లో చేరి మూడు వారాలైంది. సలామ్ చెప్పిన మరుక్షణం నుండి అతని గోడు మొదలైంది.

“అబ్బా, గదిలో మంచం లేదు, లైటు కూడా లేదు. కరెంటు కనెక్షను మేమే తీసుకోవాలట. దానికీ డిపాజిట్టు అడిగారు. నిన్న తాలింపు వేస్తే పొగకు అలారం మోగి పక్కవాళ్ళంతా బయటికి వచ్చారు. పై అంతస్తు వాళ్ళు అర్ధరాత్రి దాకా దబదబా నడుస్తారు. నిద్ర లేదు.”

తండ్రి ఓపికగా విన్నారు. “అలవాటవుతుందిలే బేటా” అన్నారు. అప్పుడు అబ్బాయి అసలు విషయం చెప్పాడు. అగ్రిమెంటులో ముగ్గురి పేర్లే ఉన్నాయి. అద్దె భారం తగ్గించుకోవడానికి మరో ఇద్దరిని రహస్యంగా చేర్చుకుందామని గదిలోని స్నేహితులు అంటున్నారు. “ఇక్కడ అందరూ అలాగే చేస్తారట అబ్బా. మీరేమంటారు?” అని అడిగాడు.

తండ్రి వెంటనే జవాబు చెప్పలేదు. ఫోను పెట్టేసి మా వైపు తిరిగారు. “యాసంగి వడ్లు అమ్మిన డబ్బంతా వాడి అడ్వాన్సుకే పోయింది. మరో ఇద్దరు చేరితే వాడి వాటా బాగా తగ్గుతుంది. యజమాని ఒక పెద్ద కంపెనీ. వాడికి పోయేదేముంది? ఇది తప్పంటారా?” అన్నారు.

ఈ ప్రశ్న ఆ ఒక్క తండ్రిది మాత్రమే కాదు. పిల్లల్ని దూరదేశానికి పంపిన ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రూపంలో ఇది తలెత్తుతూనే ఉంటుంది. అందుకే దీన్ని కాస్త వివరంగా పరిశీలించడం అవసరమని భావిస్తున్నాం.

కష్టం నిజమైనదే

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ పిల్లల కష్టం కల్పితం కాదు, గారాబమూ కాదు. మన దగ్గర ఇల్లు అద్దెకు కావాలంటే తెలిసినవారి మాట చాలు. అక్కడ ఆ మాట చెల్లదు. అమెరికాలో ఇంటి యజమాని మొదట అడిగేది క్రెడిట్ చరిత్ర. అంటే గతంలో అప్పులు, బిల్లులు సకాలంలో కట్టాడా లేదా అనే రికార్డు. నిన్న విమానం దిగిన విద్యార్థికి అది ఎక్కడిది? అందుకని ఎక్కువ డిపాజిట్టో, పూచీదారుడో కావాలంటారు. టెక్సాస్‌లోని చాలా పట్టణాలలో కరెంటు కంపెనీని అద్దెదారుడే ఎంచుకోవాలి. గదులు ఖాళీగా అప్పగిస్తారు. చాలా ఇళ్ళలో పడక గదికి పైకప్పు లైటు కూడా ఉండదు. అగ్రిమెంటు సాధారణంగా ఏడాదికి ఉంటుంది. మధ్యలో వదిలి వెళితే మిగిలిన అద్దె మెడకు చుట్టుకోవచ్చు.

జర్మనీలో మరో తీరు. అక్కడ డిపాజిట్టు మూడు నెలల అద్దె వరకు ఉండవచ్చు. అద్దెకిచ్చే చాలా ఇళ్ళలో వంటగది అంటే నాలుగు గోడలే. పొయ్యి, సింకు కూడా ఉండకపోవచ్చు. ఇంట్లో చేరాక స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకోవాలి. దానికి ఇంటి యజమాని ఇచ్చే ధ్రువీకరణ పత్రం కావాలి. ఇంగ్లాండులో ఆ దేశంలో అద్దెకు ఉండే హక్కు తనకుందని అద్దెదారుడు ముందుగా రుజువు చూపాలి.

పద్దెనిమిదేళ్ళ వయసులో 1888లో లండను చేరిన గాంధీజీ కూడా బస కోసం, తన నియమానికి తగిన భోజనం కోసం అవస్థలు పడ్డారు. ఒక ఇంటి నుండి మరో ఇంటికి మారుతూ, చివరికి ఒక్క గది తీసుకుని, కొంత వంట స్వయంగా చేసుకుని ఖర్చు తగ్గించుకున్నారు. మన హైదరాబాదు బిడ్డ డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908-2002) జర్మనీలోని బాన్‌లో, పారిస్‌లో చదివి డాక్టరేట్లు పొందారు. 1948 తర్వాత పారిస్‌లోనే ఉండిపోయి, చిన్న ఇంట్లో దశాబ్దాల పాటు అతి నిరాడంబరంగా జీవించారు. ఆ జీవితంలోనే దివ్య ఖుర్ఆన్‌ను ఫ్రెంచి భాషలోకి అనువదించారు. కనుక పరాయి దేశంలో ఇల్లు ఇరుకు కావడం కొత్త విషయం కాదు. ఆ ఇరుకులో మనిషి తన విలువలను ఎలా నిలబెట్టుకున్నాడన్నదే అసలు విషయం.

గోడు వెళ్ళబోసుకోవడం తప్పా?

కష్టం చెప్పుకుంటే అది సహనానికి విరుద్ధమని కొందరు పెద్దలు పిల్లల్ని మందలిస్తారు. ఇది సరైన అవగాహన కాదు. ప్రవక్త యాఖూబ్ (అలై) తన కుమారుని ఎడబాటుతో కుమిలిపోయారు. తన దుఃఖాన్ని అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని చెప్పారు. సహనమంటే బాధ లేకపోవడం కాదని ఇక్కడ తెలుస్తోంది. బాధను ఎవరి ముందు పెడుతున్నాం, ఆ బాధ మనచేత ఏం చేయిస్తోంది అన్నదే సహనానికి గీటురాయి. తండ్రికి ఫోను చేసి నిద్ర పట్టడం లేదని చెప్పడం సహనం కోల్పోవడం కాదు. ఆ నిద్రలేమిని సాకుగా చూపి ఇతరుల హక్కును కాజేయడం సహనం కోల్పోవడం.

ఈ సందర్భంలో ప్రవక్త మూసా (అలై) వృత్తాంతం ప్రతి ప్రవాస విద్యార్థీ చదవదగినది. అది అల్‌ఖసస్ సూరాలో ఉంది. ఆయన ఈజిప్టు వదిలి మద్‌యన్ చేరారు. చేతిలో ఏమీ లేదు, తెలిసినవారు లేరు. అంతటి అవస్థలోనూ బావి దగ్గర ఇద్దరు ఆడపడుచుల పశువులకు నీళ్ళు పెట్టారు. ఆ తర్వాతే నీడకు వెళ్ళి, తన ప్రభువు ఏ మేలు పంపినా తాను దానికి అర్థినని వేడుకున్నారు. ఆ వేడుకోలు తర్వాత ఆయనకు లభించింది ఒక ఆశ్రయం, దానితో పాటు ఒక ఒప్పందం. ఎనిమిదేళ్ళు పని చేయాలి, తన ఇష్టం మీద పదేళ్ళు పూర్తి చేయవచ్చు. ఆయన అల్లాహ్‌ను సాక్షిగా పెట్టి ఆ ఒప్పందాన్ని అంగీకరించారు. ఆయన పూర్తి చేసింది ఎక్కువ గడువునేనని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పినట్లు హదీసు గ్రంథాలలో ఉంది.

పరాయి దేశంలో తలదాచుకునే చోటు దొరకడమూ, ఒప్పందానికి కట్టుబడటమూ ఈ వృత్తాంతంలో విడివిడిగా లేవు. నీడ ఇచ్చిన వాని పట్ల మాట నిలుపుకోవడం ఆ నీడకు చెల్లించే మొదటి అద్దె.

సంతకం అంటే ఏమిటి?

ఇప్పుడు ఆ తండ్రి ప్రశ్నకు వద్దాం. ముగ్గురి పేర్లు రాసి అయిదుగురు ఉండటం తప్పా?

ఒప్పందాలను నెరవేర్చమని దివ్య ఖుర్ఆన్ అల్‌మాయిదా సూరా తొలి ఆయతులోనే విశ్వాసులను ఆదేశిస్తోంది. ఆ ఆదేశంలో ఎదుటివాని మతం, దేశం, సంపద గురించిన మినహాయింపు లేదు. ముస్లిములు తాము అంగీకరించిన షరతులకు కట్టుబడి ఉంటారని, హలాల్‌ను హరామ్ చేసే షరతు, హరామ్‌ను హలాల్ చేసే షరతు మాత్రమే దీనికి మినహాయింపు అని దైవప్రవక్త (స) బోధించారు. ఇంట్లో ఎవరెవరు నివసిస్తారో పేర్లతో సహా తెలపాలన్న షరతు ఏ హలాల్‌నూ నిషేధించడం లేదు. దానికి మనమే సంతకం చేశాం. అలాంటప్పుడు దాన్ని దాటడం మాట తప్పడమే.

కొందరు మూడు అభ్యంతరాలు చెబుతారు. వాటిని తేలిగ్గా కొట్టిపారేయడం న్యాయం కాదు.

మొదటిది: “యజమాని మనవాడు కాడు, మన ధర్మం వాడూ కాడు.” దీనికి జవాబు క్రీ.శ. 622 నాటి హిజ్రత్ రాత్రిలో ఉంది. మక్కా వాసులు దైవప్రవక్త (స)ను చంపడానికి ఇంటిని చుట్టుముట్టారు. అదే మక్కా వాసుల సొమ్ము ఆయన వద్ద అమానతుగా ఉంది. ఆయన ఆ సొమ్మును వెంట తీసుకుపోలేదు. ఎవరిది వారికి అప్పగించి రావాలని హజ్రత్ అలీ (రజి)ని అక్కడే ఉంచారు. తనను ఇల్లు వదిలి వెళ్ళేలా చేసిన వారి సొమ్మునే వారికి చేర్చిన ప్రవక్త అనుచరులం మనం. మనకు ఇల్లు ఇచ్చిన వాని విషయంలో ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి!

రెండవది: “పెద్ద కంపెనీకి నష్టమేమీ లేదు.” నష్టం కనబడకపోయినంత మాత్రాన అబద్ధం నిజమైపోదు. పైగా నష్టం లేదన్న మాట కూడా సరికాదు. నీటి వాడకం, గదుల అరుగుదల పెరుగుతాయి. అగ్నిప్రమాదం జరిగితే లోపల ఎందరున్నారో రక్షించడానికి వచ్చిన వారికి తెలియదు. విషయం బయటపడితే పేరున్న ముగ్గురికీ ఇల్లు ఖాళీ చేయమని నోటీసు రావచ్చు. పేరు లేని ఇద్దరికి అసలు ఏ హక్కూ ఉండదు. చివరికి నష్టపోయేది మన పిల్లలే. అంతేకాదు, తర్వాత వచ్చే విద్యార్థిని యజమాని మరింత అనుమానంతో చూస్తాడు. ఒకరు చేసిన మోసానికి మరొకరు డిపాజిట్టు చెల్లిస్తారు.

మూడవది: “గత్యంతరం లేదు.” ఇది బరువైన మాట. ప్రాణావసరంలో నిషిద్ధ వస్తువుకు కూడా ఇస్లాం వెసులుబాటు ఇచ్చిందన్నది నిజమే. కానీ అద్దె వాటా తగ్గించుకోవడం ప్రాణావసరం కాదు. మార్గాలన్నీ మూసుకుపోయాయని అనడానికి ముందు మార్గాలన్నీ తట్టి చూడాలి. యజమానిని అడిగి మరొకరి పేరు చేర్పించారా? విశ్వవిద్యాలయానికి దూరంగా ఉన్న చవక ఇల్లు వెదికారా? తల్లిదండ్రులకు ఉన్నదున్నట్లు చెప్పారా? అడగకుండానే దాచిపెట్టడాన్ని నిస్సహాయత అనలేం. మనం దాన్ని సౌకర్యం కోసమే ఎంచుకున్నాం.

“అందరూ అలాగే చేస్తారు” అన్న మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. తీర్పుదినాన లెక్క ఒక్కొక్కరిగానే అప్పగించాలి. అక్కడ గుంపు వెంట రాదు.

గోడకు అవతలి వారు

అపార్టుమెంటు జీవితంలో పొరుగువారంటే ఎదురింటివారే కాదు. తల మీద ఒకరు, కాళ్ళ కింద ఒకరు ఉంటారు. పొరుగువారి హక్కు గురించి జిబ్రీల్ (అలై) ఎంతగా తాకీదు చేశారంటే, వారిని వారసత్వంలో కూడా భాగస్వాములను చేస్తారేమోనని దైవప్రవక్త (స) అనుకున్నారు.

మదీనాలో దైవప్రవక్త (స) మొదట బస చేసింది హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట్లో. అది రెండంతస్తుల ఇల్లు. వచ్చిపోయే వారికి వీలుగా ఉంటుందని దైవప్రవక్త (స) కింది భాగంలో ఉన్నారు. ఒక రాత్రి పైభాగంలో నీళ్ళ కుండ పగిలింది. నీరు కిందికి కారి ప్రవక్తకు ఇబ్బంది కలుగుతుందేమోనని అబూ అయ్యూబ్ (రజి) దంపతులు కంగారు పడ్డారు. తాము కప్పుకునే ఒకే ఒక్క దుప్పటితో ఆ నీటిని తుడిచేశారు. తమ తలపై నడుస్తున్నది ఎవరో అని విసుక్కునే ముందు, మన పాదాల కింద ఎవరు నిద్రిస్తున్నారో ఆలోచించే తీరు ఇది.

వంట వాసనతో కూడా పొరుగువారిని బాధపెట్టరాదని ఇస్లాం నేర్పింది. తాలింపు వేసేటప్పుడు కిటికీ తెరవడం, రాత్రి ఫోనులో గొంతు తగ్గించడం, సహరీ వేళ గిన్నెల చప్పుడు కాకుండా చూడటం చిన్న విషయాలుగా కనిపిస్తాయి. ఆ పొరుగువారికి ఇస్లాం గురించి తెలిసే మొదటి సంగతులు ఇవే కావచ్చు.

హక్కు అడగడం కూడా ధర్మమే

ఇంతవరకు విద్యార్థి బాధ్యత గురించే చెప్పాం. అన్యాయం యజమాని వైపు నుండి జరిగితే? ఇల్లు ఖాళీ చేశాక డిపాజిట్టులో సగం ఏవో సాకులతో కోసేస్తే? అప్పుడు మౌనంగా ఉండటమే సహనమని మేము అనము. ఒక వ్యక్తి తనకు రావలసిన బాకీ గురించి దైవప్రవక్త (స)తో కటువుగా మాట్లాడాడు. అనుచరులు అతని మీదికి వెళ్ళబోయారు. ఆయన వారించి, హక్కుదారునికి మాట్లాడే అధికారం ఉంటుందని చెప్పి, అతని ఒంటెకన్నా మంచి ఒంటెను ఇప్పించారు.

చట్టాలు కూడా అద్దెదారునికి కొంత రక్షణ ఇచ్చాయి. టెక్సాస్‌లో కొత్త చిరునామా రాసి ఇచ్చి ఇల్లు ఖాళీ చేసిన వారికి 30 రోజులలో డిపాజిట్టు తిరిగి ఇవ్వాలి, కోత పెడితే లెక్క చూపాలి. ఇంగ్లాండులో 2019 నుండి సాధారణ అద్దె ఇళ్ళకు డిపాజిట్టు అయిదు వారాల అద్దెను మించరాదు. దాన్ని ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకంలో ఉంచాలి.

హక్కు అడగాలంటే రుజువు ఉండాలి. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు (అల్‌బఖరా 282) నమాజు గురించో, ఉపవాసం గురించో అవతరించింది కాదు. అప్పు లావాదేవీని రాసిపెట్టుకోవడం, సాక్షులను ఉంచుకోవడం గురించి అవతరించింది. ఇంట్లో చేరిన రోజే గోడల మీది మరకలు, పగిలిన తలుపులు ఫోటో తీసి యజమానికి పంపడం ఈ బోధన స్ఫూర్తికి తగిన పని. గదిలోని స్నేహితుల మధ్య కూడా ఎవరి వాటా ఎంత, మధ్యలో వెళ్ళిపోతే ఎవరు భరించాలి అన్నది ముందే రాసుకోవాలి. “మనమంతా అన్నదమ్ములమే కదా” అని రాయకుండా వదిలేసిన లెక్కలే అన్నదమ్ములను విడదీస్తాయి.

మన గడప దగ్గర

చివరిగా, ఇక్కడున్న మనం మన వైపు చూసుకోవాలి. మన అబ్బాయికి అక్కడ ఇల్లు దొరకలేదని కన్నీరు పెట్టుకుంటాం. మిర్యాలగూడలోనో, సూర్యాపేటలోనో మన ఇంటి పై గదిని అద్దెకిచ్చేటప్పుడు ఎలా ప్రవర్తిస్తున్నాం? పల్లె నుండి వచ్చిన విద్యార్థి ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చని చెప్పి అడ్వాన్సు మింగేయడం లేదా? ఉస్మానియా వంటి విశ్వవిద్యాలయాలలో చదవడానికి ఆఫ్రికా, అరబ్ దేశాల నుండి విద్యార్థులు హైదరాబాదుకు వస్తున్నారు. వారిలో ఒకరు మన తలుపు తడితే రంగు చూసి, భాష విని తలుపు వేసేయడం లేదా? వారి తల్లి కూడా ఎక్కడో ఫోను దగ్గర కూర్చుని ఉంటుంది.

పరదేశి విద్యార్థికి నీడ ఇవ్వడం మా ప్రాంతానికి పరాయి సంగతి కాదు. ఇక్ష్వాకుల కాలంలో, అంటే క్రీ.శ. 3-4 శతాబ్దాలలో, నాగార్జునకొండ లోయలో సింహళ విహారమనేది ఉండేదని అక్కడి శాసనం తెలుపుతోంది. వారి మతం వేరైనా, దూరదేశపు వారి కోసం ఒక చోటు ఉండాలన్న ఆలోచన ఈ నేల మీద అంత పాతది. తర్వాత అదే లోయ సాగర్ జలాశయంలో మునిగింది. ఇల్లు వదిలి వెళ్ళడమంటే ఏమిటో ఆ ఊళ్ళ పెద్దలకు తెలుసు.

మదీనా అన్సారులు ముహాజిర్లకు ఇల్లు పంచి ఇచ్చారు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపితే హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) కృతజ్ఞతతో దుఆ చేసి, బజారుకు దారి చూపితే చాలన్నారు. ఇచ్చేవాడు అంత ఉదారంగా ఉంటే, తీసుకునేవాడు అంత ఆత్మగౌరవంతో ఉన్నాడు. ఈ రెండూ కలిసినప్పుడే సమాజం నిలబడుతుంది. తన కోసం ఇష్టపడేదాన్నే తన సోదరుని కోసమూ ఇష్టపడనంత వరకు విశ్వాసం పరిపూర్ణం కాదన్న ప్రవక్త బోధన ఇంటి అద్దె విషయంలోనూ వర్తిస్తుంది.

ఆ రాత్రి ఆ తండ్రికి మేము ఇంతకంటే తక్కువే చెప్పాం. ఆయన చాలాసేపు ఆలోచించి అబ్బాయికి తిరిగి ఫోను చేశారు. “దాచవద్దు బేటా. పోయి అడుగు. కాదంటే ఆ మిగిలింది నేను చూసుకుంటాను” అన్నారు. వారం తర్వాత కబురు తెలిసింది. యజమాని ఒక్క పేరు చేర్చడానికి ఒప్పుకున్నాడు, రెండవది కుదరదన్నాడు. మిగిలిన ఆ అబ్బాయికి జుమా నమాజులో పరిచయమైన ఒక కుటుంబం నెల రోజులు తమ హాలులో చోటిచ్చింది. అనుకున్నంత అద్దె తగ్గలేదు. తండ్రి ఆ ఏడు ఇంటి పైకప్పు మరమ్మతు వాయిదా వేసుకున్నారు.

సత్యానికి ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చును పిల్లవాని ఒక్కడి మీదే వేయకుండా పెద్దలు కూడా పంచుకోవాలి. “నిజాయితీగా ఉండు” అని చెప్పే తండ్రి, ఆ నిజాయితీకి అయ్యే సొమ్ములో తన వాటా తాను మోయాలి. అప్పుడే ఆ మాటకు బరువు ఉంటుంది.

జ్ఞానాన్వేషణలో దారి పట్టిన వానికి అల్లాహ్ స్వర్గానికి పోయే దారి సుగమం చేస్తాడని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఆ దారిలో ఒక ఇరుకు గది, ఒక అగ్రిమెంటు, గోడకు అవతల నిద్రించే ఒక మనిషి కూడా ఉంటారని మన పిల్లలు గుర్తుంచుకోవాలి. మనమూ గుర్తుంచుకోవాలి.

దూరదేశాలలో ఉన్న మన బిడ్డలందరికీ అల్లాహ్ శాంతి గల నివాసాన్ని, మాట నిలుపుకునే శక్తిని ప్రసాదించుగాక! మన గడప తొక్కిన పరాయి బిడ్డల పట్ల మన హృదయాలను విశాలం చేయుగాక! ఆమీన్.